బ్యాంకాక్ ప్యాకేజీలో బాంగ్ పా-ఇన్‌కి ఒక పూట ఇవ్వండి: మన తెలుగు ట్రావెల్స్ వాళ్ళకి బహిరంగ లేఖ

థాయ్‌లాండ్ టూర్లు నడిపే తెలుగు ట్రావెల్స్ వారికి, వారి తరఫున బ్యాంకాక్‌లో బస్సులూ గైడ్లూ చూసుకునే వారికి,

నమస్కారం అండి. సూటిగా విషయానికే వస్తాను. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా విశాఖ అయినా ఎవరి బ్రోచర్ తీసినా బ్యాంకాక్–పట్టాయా ప్యాకేజీ ఒకేలా ఉంటోంది. పట్టాయాలో కోరల్ ఐలాండ్, రాత్రికి ఒక షో, తర్వాత బ్యాంకాక్‌లో సఫారీ వరల్డ్, బంగారు బుద్ధుడి గుడి, ఒక రత్నాల షాపు, ఒక తోలు సామాన్ల షాపు, చివర ఇంద్రా మార్కెట్, విమానం. గ్రాండ్ ప్యాలెస్ ఉంటే ఉంటుంది, లేదంటే ఎక్స్‌ట్రా డబ్బు కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీటిలో దేన్నీ నేను చెడ్డదనడం లేదు. పిల్లలకి సఫారీ కావాలి, కుర్రాళ్ళకి బీచ్ కావాలి, ఊళ్ళో పదిమందికి పంచడానికి అందరికీ ఏవో కొనుక్కోవాలి. కానీ బ్యాంకాక్‌కి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో బాంగ్ పా-ఇన్ అనే రాజభవనం, దాని చుట్టూ అంత పెద్ద తోట ఉండగా, గంటో గంటన్నరో బస్సెక్కితే చేరిపోయే చోటు అయ్యుండగా, మన వాళ్ళు దాని పేరు కూడా వినకుండా తిరిగొచ్చేస్తున్నారు. దానికి ఒక పూట ఇవ్వండి. ఈ ఉత్తరం అంతా ఆ ఒక్క కోరిక గురించే.

గ్రాండ్ ప్యాలెస్ ఉందిగా, మళ్ళీ ఇంకో ప్యాలెస్ ఎందుకు అంటారేమో. గ్రాండ్ ప్యాలెస్ చూడాల్సిందే. 1782లో మొదటి రామ రాజు (ఇప్పటి థాయ్ రాజవంశంలో రాజులని రామ అనే బిరుదుతో, వరస సంఖ్యతో పిలుస్తారు) కట్టించడం మొదలుపెట్టిన కోట అది. అక్కడి మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ప్రహరీ మండపంలో వాళ్ళ రామాయణం, రామకియెన్, 178 ఫలకాల్లో గోడల నిండా ఉంది, మన వాళ్ళు దాని ముందు గంటసేపైనా నిలబడాలి. కానీ మీరు గుంపును దించేది మిట్టమధ్యాహ్నం. జనం తోపులాట, నెత్తిన ఎండ, గైడ్ చేతిలో జెండా ఎటు పోతే అటు పరుగు. రాజులు ఎలా పాలించారో అక్కడ తెలుస్తుంది, ఎలా బతికారో తెలియదు. అది తెలిసేది బాంగ్ పా-ఇన్‌లో. అక్కడ జనం పల్చగా ఉంటారు, చెట్ల కింద కూర్చోవచ్చు, పెద్దవాళ్ళు నెమ్మదిగా నడవచ్చు.

మీ ఆఫీసులో ఫోనెత్తి బుకింగ్ రాసుకునే అమ్మాయికి కూడా ఆ చోటేమిటో తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, పాత రాజధాని అయుత్తయను ఏలిన రాజు ప్రసాత్ థాంగ్ 1632లో చావో ఫ్రయా నదిలో ఒక లంక మీద చెరువు తవ్వించి కట్టించుకున్న విడిది ఇది. 1767లో బర్మా సైన్యం అయుత్తయను తగలబెట్టి నేలమట్టం చేశాక రాజధాని కిందికి, చివరికి బ్యాంకాక్‌కి తరలిపోయింది. ఈ లంకను పట్టించుకునే నాథుడు లేక విడిది ఎనభై ఏళ్ళకు పైగా తుప్పలు పట్టిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో నాలుగో రామ, అంటే మొంగ్‌కుట్ రాజు, మళ్ళీ ఇక్కడికి రావడం మొదలుపెట్టి ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు మనకి కనిపించే భవనాలు దాదాపు అన్నీ ఆయన కొడుకు ఐదో రామ, చులాలాంగ్‌కార్న్, 1872 నుంచి 1889 దాకా కట్టించినవి.

ఈ చులాలాంగ్‌కార్న్ మన దేశానికి వచ్చి వెళ్ళినవాడు. ఈ సంగతి మీ గైడ్లలో ఒక్కరు చెప్పగా నేను వినలేదు. 1872 తొలి నెలల్లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, కలకత్తా, ఢిల్లీ, ఆగ్రా, బొంబాయి, కాశీ తిరిగాడు. అంతకు ముందు ఏడాది సింగపూర్, జావా చూశాడు. యూరప్‌లో మొదటిసారి కాలుపెట్టింది మాత్రం 1897లో. అంటే బాంగ్ పా-ఇన్‌లో పొడవాటి స్తంభాలతో, అచ్చం యూరప్ మేడలా కనిపించే వరోఫత్ ఫిమాన్ 1876లో లేచేనాటికి ఆయన యూరప్ చూడనే లేదు. ఇంగ్లీషు వాళ్ళూ డచ్చి వాళ్ళూ తమ వలస నగరాల్లో దర్జాగా కట్టుకున్న మేడలు చూసొచ్చి తన లంకలో తనకు నచ్చినట్టు కట్టుకున్నాడు. అప్పటికే ఒక పక్క బర్మాలోకి ఇంగ్లీషు వాళ్ళు, ఇంకో పక్క వియత్నాంలోకి ఫ్రెంచి వాళ్ళు దిగిపోయారు, మధ్యలో సయాం ఒక్కటే ఎవరి చేతికీ చిక్కకుండా మిగిలింది. మీరు కట్టగలిగింది మేమూ కట్టగలం అని వచ్చిన ప్రతి తెల్లదొరకీ చూపించుకోవాల్సిన అవసరం ఆ రాజుకి ఉంది. ఈ తోటలో థాయ్ మండపం, యూరప్ మేడ, చైనా భవనం పక్కపక్కనే ఉండటానికి కారణం అదేనని నేను గట్టిగా అనుకుంటున్నాను. మన ప్రాంతాల్లో ఇంగ్లీషు వాళ్ళు కట్టిన బంగళాలు చూస్తూ పెరిగిన వాళ్ళకి ఈ కథ చెబితే ఎంత ఆసక్తిగా వింటారో మీకు అర్థం కావడం లేదు.

చెరువు మధ్యలో ఉన్న మండపం పేరు ఐసవన్ థిప్పయ-ఆత్. నాలుగు వైపులా వాకిళ్ళు, పైన దొంతరలు దొంతరలుగా రంగు పెంకుల కప్పు, నడిమధ్యన సన్నటి శిఖరం. ప్రసాత్ థాంగ్ కాలం నాటి మండపం పేరునే నిలబెట్టి 1876లో చులాలాంగ్‌కార్న్ దీన్ని కట్టించాడు, నమూనా మాత్రం బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో తన తండ్రి కట్టించిన ఒక మండపానిది. లోపల సైనిక దుస్తుల్లో ఆయన నిలువెత్తు కంచు విగ్రహం ఉంది, అది తర్వాత ఆయన కొడుకు ఆరో రామ పెట్టించింది. ఈ మండపాన్ని ఒడ్డున నిలబడి చూడాలి. పొద్దున పూట గాలి లేనప్పుడు శిఖరం మొత్తం నీళ్ళలో తలకిందులుగా దిగిపోయి కనిపిస్తుంది, ఫోటోలు తీసుకునే వాళ్ళకి అంతకన్నా మంచి చోటు థాయ్‌లాండ్ మొత్తంలో తక్కువ. అక్కడ రొట్టె ముక్కలు కొని నీళ్ళలో వేస్తే చేపలు ఒకదాని మీద ఒకటి ఎగబడతాయి, తాబేళ్ళు నిదానంగా తలెత్తుతాయి. మా అక్క మనవడు అక్కణ్ణుంచి కదలనన్నాడు.

అక్కడ నన్ను చాలాసేపు నిలబెట్టేసింది ఒక వంతెన. బయటి ప్రాంగణం నుంచి లోపలి ప్రాంగణానికి నీటి మీదుగా పోయే నడవ అది. దాని మధ్యలో పొడవునా కిటికీ రెక్కల్లాంటి చెక్క బద్దీల అడ్డుగోడ ఉంటుంది. బయటి ప్రాంగణం దర్బారు వ్యవహారాలకి, లోపలిది రాజుకీ ఆయన దగ్గరి కుటుంబానికీ. అంతఃపుర స్త్రీలు ఆ బద్దీల సందుల్లోంచి బయట ఏం జరుగుతోందో చూడవచ్చు, వాళ్ళు మాత్రం ఎవరికీ కనపడరు. నేను వంగి ఆ సందులోంచి చూశాను. సన్నటి గీతలు గీతలుగా నీళ్ళు, అవతలి గట్టు, నడిచి వెళ్ళేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. ఆ ఆడవాళ్ళు లోకాన్ని అంత మేరకే చూశారు. అక్కణ్ణుంచి ఎన్నో గుంపులు టకటకా దాటిపోయాయి, అదేమిటో ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

లోపలి ప్రాంగణంలో వేహాత్ చంరూన్ అనే చైనా భవనం ఉంది. 1889లో అక్కడి చైనా వ్యాపారులు రాజుకి కానుకగా కట్టించి ఇచ్చింది. సామాన్లు చైనా నుంచే తెప్పించారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే కాలి కింద చల్లటి చిత్రాల పలకలు, చుట్టూ నల్లటి బరువైన చెక్క సామాన్లు, ఎర్ర లక్క మీద బంగారు డ్రాగన్లు, స్తంభాల మధ్య ఒక్క అంగుళం కూడా ఖాళీ వదలకుండా చెక్కిన చెక్క తెరలు. లోపల ఫోటోలు తీయనివ్వరు. అది మన వాళ్ళకి ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక కాపలా వాళ్ళతో వాదన పెట్టుకుని మొహం మాడ్చుకునే కన్నా. దానికి దగ్గర్లోనే ఎరుపూ పసుపూ చారలు వేసిన బురుజు, హో విథూన్ థసనా, 1881 నాటిది. చుట్టూ పొలాలు చూడటానికి రాజు కట్టించుకున్నాడు. మెట్లు చుట్టలు తిరుగుతూ పైకి పోతాయి, మోకాళ్ళు బాగున్న వాళ్ళు ఎక్కాలి, పైనుంచి తోట మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంటుంది. ఆయనకి ఇష్టమైన ఇల్లు ఉథయాన్ ఫూమిసథియన్, స్విట్జర్లాండ్ తరహాలో 1877లో కట్టిన రెండంతస్తుల చెక్క మేడ, 1938లో మరమ్మతులు జరుగుతుండగా నిప్పంటుకుని కాలిపోయింది. పక్కనున్న నీళ్ళ బురుజు ఒక్కటే మిగిలింది. ఇప్పుడున్నది రాణి సిరికిత్ 1990ల్లో తిరిగి కట్టించినది.

ఇక రాణి సునంద సంగతి. దయచేసి ఈ ఒక్కటి మాత్రం మీ గైడ్లకి కూర్చోబెట్టి నేర్పించండి. చెట్ల నీడలో ఒక పాలరాతి స్తంభం ఉంది. మా గుంపులో చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి, అదేంటో తెలియకుండానే ముందుకు నడిచేశారు. చులాలాంగ్‌కార్న్ భార్య సునంద కుమారీరతన, పందొమ్మిదేళ్ళ పిల్ల, 1880 మే 31న రెండేళ్ళు కూడా నిండని కూతురితో పడవలో ఇదే బాంగ్ పా-ఇన్‌కి బయల్దేరింది. అప్పటికి ఆమె మళ్ళీ గర్భవతి. దారిలో పడవ బోల్తా పడి తల్లీ బిడ్డా ఇద్దరూ మునిగిపోయారు. రాజకుటుంబం వాళ్ళని సామాన్యులు తాకడం అప్పట్లో మరణశిక్ష పడే నేరమనీ, అందుకే చుట్టూ అంతమంది ఉండి కూడా ఎవరూ చెయ్యి అందించలేదనీ కథ చెబుతారు. అప్పటికి ఏడేళ్ళ క్రితమే, 1873లో, రాజు ముందు నేల మీద పడి పాకే ఆచారాన్ని ఆ చులాలాంగ్‌కార్నే రద్దు చేశాడు. తాకకూడదన్న ఆ పాత భయం మాత్రం పోలేదు, అది తన సొంత ఇంటి మీదే పడింది. ఆయన ఈ స్తంభం నిలబెట్టి దాని మీద తన దుఃఖాన్ని థాయ్‌లోనూ ఇంగ్లీషులోనూ చెక్కించాడు. దగ్గర్లోనే ఇంకో పాలరాతి స్మారకం కూడా ఉంది. 1887లో, ఒక్క ఏడాదిలోనే, ఇంకో భార్యనూ ముగ్గురు పిల్లల్నీ పోగొట్టుకున్నాడు, అది వాళ్ళ కోసం.

ఈ కథ మా అమ్మకి నేను అక్కడే నిలబడి చెప్పాను. ఆవిడ గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి, పడవ ప్రమాదాల గురించి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "ఒక్కడు కూడా దూకలేదా?" అని అడిగింది. ఆ తర్వాత చూసినవాటన్నిటికన్నా ఊరికొచ్చాక ఇరుగుపొరుగుకి ఆవిడ చెప్పింది ఈ కథే. ఒక ఊరు వెళ్ళి రావడం అంటే ఇలాంటిది ఒకటి వెంట తెచ్చుకోవడమే కదండీ. షాపింగ్ బ్యాగులు ఎలాగూ వస్తాయి.

తోట గురించి రెండు ముక్కలు. పచ్చిక మీద ఏనుగుల మంద నిలబడి ఉంటుంది, పెద్దవీ పిల్లవీ, అన్నీ మొక్కల్ని పెంచి కత్తిరించి తీర్చినవే. వాటి మధ్య చిన్న చిన్న కుందేళ్ళు కూడా. తోటమాలి ఒకాయన నిచ్చెన మీద నిలబడి ఏనుగు తొండం చివర కత్తెరతో చిగుళ్ళు ఒక్కొక్కటే తుంచుతున్నాడు, ఒక్క ఆకు పైకి లేచినా ఊరుకోవడం లేదు. పిల్లలున్న కుటుంబాలు అక్కడే అరగంట గడిపేస్తాయి, గడపనివ్వండి.

ఇప్పుడు పని మాటలు. దీన్ని ఏ రోజు పెట్టాలి అని మీరు అడగొచ్చు. చివరి రోజు పెట్టండి. మీ ప్యాకేజీల్లో చాలావాటికి తిరుగు విమానం రాత్రికి ఉంటుంది, గది మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికే ఖాళీ చెయ్యాలి. ఆ మధ్యలో సామాన్లు లాబీలో పడేసి మనుషుల్ని ఏదో మాల్లో వదిలేస్తున్నారు, పెద్దవాళ్ళు ఎస్కలేటర్ పక్కన బెంచీల మీద కునికిపాట్లు పడుతుంటారు. దాని బదులు టిఫిన్ అవగానే సామాన్లు బస్సులో వేసి బయల్దేరితే తొమ్మిదిన్నరకల్లా బాంగ్ పా-ఇన్‌లో ఉంటారు. ప్యాలెస్ పొద్దున ఎనిమిదింటికే తెరుస్తారు, సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు, కాబట్టి మధ్యాహ్నం తీసుకెళ్తే దండగ. హాయిగా మూడు గంటలు చూసి, భోజనం చేసి, ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉత్తరానికి పోతే అయుత్తయ శిథిలాలు. తిరిగొచ్చేటప్పుడు డాన్ మువాంగ్ విమానాశ్రయం దారిలోనే తగులుతుంది, మన వైపు నుంచి చాలామంది దిగేదీ ఎక్కేదీ అక్కడే. నగరం లోపలికి వెళ్ళి ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కునే టెన్షన్ కూడా ఉండదు.

బట్టల గురించి ముందు రోజు రాత్రే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. పట్టాయాలో వేసుకున్న బెర్ముడాలతో, చేతుల్లేని టాప్‌లతో వస్తే గేటు దగ్గరే ఆపుతారు. పైన కట్టుకోవడానికి గుడ్డ అక్కడే దొరుకుతుంది కానీ ముప్పై మంది గుంపుకి దాంతోనే అరగంట పోతుంది. చీర, చుడీదారు, ప్యాంటు, భుజాలు కప్పే చొక్కా అని ఒక్క లైను రాస్తే చాలు. మోకాళ్ళ నొప్పుల వాళ్ళ కోసం లోపల బ్యాటరీ బండ్లు అద్దెకి ఇస్తారు, మనమే నడుపుకోవచ్చు. మా అమ్మ తోట మొత్తం అలాగే చూసింది. ఆ అద్దె ప్యాకేజీలోనే కలిపేయండి, అక్కడ ఒక్కొక్కరి దగ్గరా బాట్లు వసూలు చేసుకుంటూ కూర్చోకుండా. టికెట్టు కూడా పెద్ద భారం కాదు. మేం వెళ్ళినప్పుడు మనిషికి 100 బాట్లు, గ్రాండ్ ప్యాలెస్‌కి 500.

మన వాళ్ళకి భోజనం ముఖ్యం, తెలుసు. ఇండియన్ రెస్టారెంట్ లేదు కాబట్టి ఆ వైపు పోము అనకండి. పట్టాయాకి వంటవాళ్ళని తీసుకెళ్ళి ఆవకాయ అన్నం పెడుతున్న మీరు ఒక్క పూటకి పులిహోర, పెరుగన్నం ప్యాకెట్లు కట్టించలేరా? ప్యాలెస్ లోపల మాత్రం తినకూడదు, బయటికొచ్చి నీడ చూసుకుని తినాలి, ఆకులూ కవర్లూ అక్కడ పారెయ్యకుండా బస్సులోకే తెచ్చుకోవాలి. అయుత్తయ వైపు రోడ్డు పక్కన రోటీ సాయ్‌మాయ్ అమ్ముతారు, పల్చటి మైదా రొట్టెలో రంగురంగుల పీచు మిఠాయి చుట్టుకుని తినడం. బస్సు అయిదు నిమిషాలు ఆపితే పిల్లలు మిమ్మల్ని జన్మలో మర్చిపోరు.

ఇంకో పది నిమిషాలు మిగిలితే నదికి అవతల వాట్ నివేత్ థమ్మప్రవత్ ఉంది. 1878లో కట్టిన బౌద్ధాలయం, బయటినుంచి చూస్తే గోపురంతో రంగు అద్దాలతో అచ్చం చర్చి, లోపల బుద్ధుడు. తాడు మీద జరిగే చిన్న పెట్టెలో నది దాటిస్తారు, హుండీలో తోచింది వేస్తే చాలు. పెద్ద గుంపుతో కుదరదు, అయిదారుగురు ఉత్సాహవంతులుంటే పంపండి.

ఒక సీరియస్ మాట కూడా. అక్కడ రాజు బొమ్మల దగ్గర, విగ్రహాల దగ్గర రీల్స్ చేస్తూ వెటకారాలు చేసే కుర్రాళ్ళని నా కళ్ళారా చూశాను. థాయ్ శిక్షాస్మృతిలో 112వ సెక్షన్ కింద రాజుని, రాణిని, వారసుణ్ణి అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. విదేశీయులకీ అదే చట్టం. బస్సులో మైకు పట్టుకుని ఈ సంగతి గట్టిగా చెప్పండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి నిలబెట్టిన రాయి ముందు డ్యాన్సులు చెయ్యడం మన ఇంటి పద్ధతి కాదు కదా.

చివరికి అసలు అడ్డంకి ఎక్కడుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. రత్నాల షాపులో, తోలు షాపులో గుంపుని దింపితే మీకు ఎంతో కొంత వస్తుంది, ప్యాలెస్‌లో దింపితే ఏమీ రాదు. ప్యాకేజీ ధర అంత తక్కువకి పెట్టాలంటే అది తప్పదని మీరంటారు. సరే, అయితే రెండు షాపుల్లో ఒకటి తీసెయ్యండి, మనిషికి ఆ తేడా ఎంతో లెక్కేసి ధరలో కలిపి చెప్పండి. రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుల్లోంచి తీసి మొదటిసారి దేశం దాటుతున్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కొడుకులు పంపిన డబ్బుతో వచ్చే తల్లిదండ్రులు, వీళ్ళే మీ బస్సుల్లో సగం మంది. వాళ్ళకి ఆ షాపులో నీలాలు కొనే ఉద్దేశం లేదు, గంటసేపు ఏసీలో నిలబడి బయటికొచ్చేస్తున్నారు. ఆ కాస్త ఎక్కువ డబ్బు వాళ్ళు సంతోషంగా ఇస్తారు. అడిగి చూడండి, మీ పాత ప్రయాణికుల నంబర్లు మీ దగ్గరే ఉన్నాయిగా.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వాతావరణం చల్లగా, నడవడానికి వీలుగా ఉంటుంది, మీ బుకింగులు ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. ఆ సీజన్ బ్రోచర్ ప్రింటుకి పంపేముందు కనీసం ఒక్క బ్యాచ్‌లోనైనా చివరి రోజు మాల్ తీసేసి బాంగ్ పా-ఇన్, అయుత్తయ రాయండి. ఆ బ్యాచ్ తేదీలు బయటపెట్టిన ట్రావెల్స్ ఎవరైనా సరే, మా అక్కావాళ్ళ వీధిలో ఇప్పటికే నలుగురు రెడీగా ఉన్నారు, అడ్వాన్స్ వాళ్ళ చేత నేనే కట్టిస్తాను.

ఇట్లు,
మీ బస్సుల్లో తిరిగిన ఒక ప్రయాణికురాలు